టీవీ పెట్టె మీది కర్పూరం మరక

మామ్మ సంవత్సరీకానికి ఊరు వెళ్ళినప్పుడు, అరిటాకులు సరిపోవడం లేదు, వెనక గదిలో ఇంకో కట్ట ఉంది తెమ్మని పెద్దమ్మ నన్ను పంపింది. ఆ కట్టను మా పాత టీవీ పెట్టె మీద పెట్టారు. నాలుగు కాళ్ళు, ముందు రెండు పక్కలకీ జరిగే చెక్క తలుపు ఉన్న ఈసీ టీవీ అది. ఇప్పుడు దాని నిండా పొలం కాగితాలు, పెళ్ళి ఆల్బములు ఉన్నాయి. కట్ట తీస్తూ అలవాటుగా ఒక తలుపు పక్కకు జరిపాను. కర్పూరం, కాలిన వార్నీషు, వేడెక్కిన దుమ్ము కలిసిన వాసన ఒక్కసారిగా ముఖానికి తగిలింది. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా ఆ పెట్టెలో బొమ్మ రాలేదు. అయినా ఆదివారం పొద్దుటి వాసన దానిలో అలాగే ఉంది. పైచెక్క మీద అర్ధరూపాయి కంటే కొంచెం పెద్దదిగా నల్లటి గుండ్రటి మరక ఉంది. హారతి పళ్ళెం అడుగు తగిలి వార్నీషు మాడిన చోటు అది. బయట పెద్దమ్మ పిలుస్తూనే ఉన్నా, ఆ మరక మీద వేలు పెట్టుకుని నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

*

ఆ టీవీ మా ఊరికి గోదావరి దాటి వచ్చింది. పెదనాన్నగారు కాకినాడలో కొని, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవుకు తెచ్చి, అక్కడ పంటు మీద గౌతమి దాటించి, ముక్తేశ్వరంలో దించారు. రెండు పెద్ద పడవలను జతగా కట్టి పైన బల్లలు పరిచిన ఆ పంటు మీద జీపులు, బళ్ళు, గేదెలు, పెళ్ళివారు అందరూ కలిసే దాటేవారు. నది మధ్యలో గాలికి పంటు ఊగితే పెట్టె పడిపోతుందేమోనని పెదనాన్నగారు దానిని రెండు చేతులతో కౌగిలించుకుని, అవతలి ఒడ్డు దాకా నిలబడే వచ్చారట. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన అప్పటికి లేదు. తరువాత ఎవరి పేరు ఆ వంతెనకు పెట్టారో ఆ బాలయోగిగారు లోక్‌సభ స్పీకరుగా కూర్చోవడాన్ని మా వాళ్ళు తరువాత టీవీలోనే చూశారు. 1999 ఏప్రిల్‌లో ఒక్క ఓటు తేడాతో వాజపేయిగారి ప్రభుత్వం పడిపోయిన రోజున, మా సావిట్లో ఎవరూ ప్రభుత్వం సంగతి మాట్లాడలేదు. సభలో అంత గోల జరుగుతుంటే మన కోనసీమ కుర్రాడు ఎంత నిదానంగా ఉన్నాడో చూడమని ఒకరికొకరు చెప్పుకున్నారు.

బొమ్మ రావాలంటే యాంటెన్నా కుదరాలి. డాబా మీద ఇనప పైపు పట్టుకుని బాబాయి, మెట్ల మీద తమ్ముడు, కిటికీ దగ్గర నేను ఉండి, లోపలి మాట పైకి చేరవేసేవాళ్ళం. తీరా బొమ్మ నిలబడ్డాక, దక్షిణపు గాలి లేస్తే పెరటి కొబ్బరిచెట్టు మట్ట వచ్చి యాంటెన్నా పుల్లల మీద పడేది. తెర నిండా చుక్కలు ముసిరేవి. ఆ చెట్టు కొట్టించేద్దామని పెదనాన్నగారు రెండుసార్లు అన్నారు. కాపు మీద ఉన్న చెట్టును బొమ్మల కోసం కొడతారా అని మామ్మ రెండుసార్లూ ఒప్పుకోలేదు. చివరకు దింపు తీసేవాణ్ణి ఎక్కించి, యాంటెన్నా వైపు మట్టలు మాత్రం నరికించారు. అటువైపు బోడిగా, ఇటువైపు నిండుగా ఆ చెట్టు చాలా ఏళ్ళు అలాగే నిలబడింది.

*

రామాయణం 1987 జనవరిలో మొదలై, మరుసటి ఏడు జూలై ఆఖరున ముగిసింది. డెబ్బై ఎనిమిది భాగాలు. ఆదివారం తొమ్మిదిన్నర అయ్యేసరికి మా సావిడి నిండిపోయేది. పెద్దలు కుర్చీల్లో, మగపిల్లలు చాపల మీద, ఆడవాళ్ళు వంటింటి గుమ్మం దగ్గర కూర్చునేవారు. పేట నుంచి వచ్చిన కూలివాళ్ళు వీధి కిటికీ బయట నిలబడి చూసేవారు. ఎండయినా వానయినా వాళ్ళు అక్కడే నిలబడ్డారనీ, లోపలికి రమ్మని వాళ్ళను పిలవని ఇల్లు మాదేననీ రాయకుండా ఈ జ్ఞాపకాన్ని రాయలేను.

భాష హిందీ. దూధ్, పానీ తప్ప హిందీ రాని ఊరు మాది. అందువల్ల మా హైస్కూలు హిందీ మాస్టారు టీవీకి ఎడమ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, ఒక్కొక్క మాటనూ తెలుగులో చెప్పేవారు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలన్నీ ప్రవీణ దాకా ప్యాసయిన మనిషి. దశరథుడి మాటలు చెప్పేటప్పుడు ఆయన గొంతు దశరథుడిలాగే వణికేది. మంథర మాటలను మాత్రం ముఖం పక్కకు తిప్పుకుని, గబగబా, అయిష్టంగా చెప్పేవారు. మొదట్లో పేర్లు పడేటప్పుడు, ఏయే భాషల రామాయణాలను ఆధారం చేసుకున్నారో ఆ జాబితా తెర మీద వచ్చేది. వాల్మీకి, తులసీదాసు, కంబరుల వరుసలో మన తెలుగు రంగనాథ రామాయణం పేరు కూడా ఉండేది. ఆ పేరు వచ్చిన ప్రతిసారీ మాస్టారు వేలు చూపించి, "అదిగో, మనది," అనేవారు. నాగరి లిపిలో నేను మొట్టమొదట బడి బయట చదివిన మాటలు అవే.

మామ్మ స్నానం చేసి, టీవీ పైచెక్కకు పసుపురాసి బొట్టుపెట్టి, పళ్ళెంలో కర్పూరం వెలిగించేది. అరుణ్ గోవిల్ ముఖం కనబడగానే హారతి ఇచ్చేది. ఆ తరువాత మాత్రం ఆమె భక్తురాలిగా కాక ప్రేక్షకురాలిగా చూసేది. దారా సింగ్ హనుమంతుడు అచ్చం హనుమంతుడిలాగే ఉన్నాడనేది. రావణుడు మరీ ఎక్కువగా నవ్వుతున్నాడనీ, అంత చదువుకున్నవాడు అలా నవ్వడనీ అనేది. లక్ష్మణుడు గీత గీసిన రోజున, వాల్మీకంలో ఆ గీత లేదు కదా అని కాలువ అవతలి నుంచి వచ్చే పురాణం శాస్త్రిగారు అభ్యంతరం చెప్పారు. బుర్రకథలో ఉంది, తోలుబొమ్మలాటలో ఉంది, ఇంకేం కావాలని మా తాతయ్య వాదించారు. ఆ వాదన రావిచెట్టు కింద మరుసటి ఆదివారం దాకా నడిచింది. ఇప్పుడు ఆలోచిస్తే, అరగంట బొమ్మకంటే వారం పొడుగునా సాగిన ఆ మాటలే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

*

అగ్నిప్రవేశం వచ్చిన ఆదివారం ఆషాఢపు ముసురు. ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్ళు వదిలి చాలా రోజులయింది. నాట్లు ముమ్మరంగా సాగుతున్నాయి. రామాయణం అయితే గాని ఆడవాళ్ళు ఆదివారం చేలో దిగడం లేదని రైతులు ఊళ్ళో అందరికీ చెప్పుకుంటూ ఉండేవారు. ఆ రోజు కిటికీ బయట గోనెసంచులు నెత్తిన కప్పుకుని పదిమంది దాకా నిలబడ్డారు. చితి రగిలింది. సీత చేతులు జోడించింది. మాస్టారు మాట మధ్యలో ఆపేశారు.

"ఏమంటున్నాడండి?" అని గుమ్మం దగ్గర నుంచి ఎవరో అడిగారు.

మాస్టారు కొంచెంసేపు ఊరుకుని, గొంతు సవరించుకుని, ఇది నిజమైన పరీక్ష కాదనీ, రావణుడు ఎత్తుకుపోయినది మాయాసీతననీ, అసలు సీతను రాముడు ముందే అగ్నిదేవుడి దగ్గర దాచాడనీ, ఇప్పుడు తిరిగి తీసుకుంటున్నాడనీ, తులసీదాసు అలా రాశాడనీ విడమరచి చెప్పారు. సీరియల్లో కూడా రాముడు లక్ష్మణుడికి చెప్పేది అదే. మగవాళ్ళు తలలూపారు. అప్పుడు కిటికీ అవతలి నుంచి ఒక గొంతు వినబడింది.

"మాయదైనా మనిషే కదండి. అంత మందిలో నిప్పుల్లో దిగమంటారా? లంకలో ఏడిసిన ఏడుపు సాల్లేదేటండి?"

సావిట్లో ఎవరూ మాట్లాడలేదు. కిటికీ బయటి నుంచి ఒక మాట లోపలికి రావడం అదే మొదటిసారి. పెదనాన్నగారు అటువైపు కోపంగా చూశారు. అప్పుడు మామ్మ గుమ్మంలో లేచి నిలబడి, "ఆవిడ అడిగిందానికి జవాబు చెప్పండి మాస్టారూ. నేనూ అదే అడుగుదామనుకున్నాను," అన్నది.

మాస్టారు జవాబు చెప్పలేదు. తెర మీద పూలు కురుస్తున్నాయి. ఆ వారం మామ్మ హారతి పళ్ళెం తీయడం మరచిపోయింది. కర్పూరం మొత్తం కాలిపోయి, పళ్ళెం వేడికి చెక్క మాడి, ఆ మరక పడింది.

వచ్చే ఆదివారానికి మామ్మ టీవీ బల్లను సావిట్లోంచి వీధి వరండాలోకి మార్పించింది. వైరు చాలదని బాబాయి అంటే ఇంకో వైరు తెప్పించమన్నది. వరండాకు ఎదురుగా వాకిట్లో కొబ్బరాకుల పందిరి వేయించింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మహాభారతం వచ్చేనాటికి పేటవాళ్ళు, మా వాళ్ళు అదే పందిరి కింద కూర్చుని చూశారు. చాపలు మాత్రం వేరుగానే ఉండేవి. అది కూడా నిజమే.

*

సాయంత్రం ఏడింటి వార్తలు మా నాన్నవి. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్‌గారంటే నాన్నకు అపారమైన గౌరవం. ఎదురుగా చూసి చదవడానికి ఏ సదుపాయమూ లేని ఆ రోజుల్లో, ఆయన చేతిలోని కాగితం చూసి, వాక్యం ముగిసేచోట కళ్ళెత్తి, మళ్ళీ సరిగ్గా తరువాతి మాట దగ్గరే కళ్ళు దించేవారు. నాన్న నాకూ తమ్ముడికీ దినపత్రిక ఇచ్చి అలా చదవమనేవారు. ఫుల్‌స్టాప్ దగ్గర తలెత్తి నాన్న కళ్ళలోకి చూడాలి, తడుముకోకుండా తరువాతి వాక్యం అందుకోవాలి. తడబడితే మళ్ళీ మొదటి నుంచీ చదవాలి. నేను బడిలో పాఠం చెప్పే ఉద్యోగంలో చేరిన మొదటి రోజున, పుస్తకం చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు నాకు తోడుగా వచ్చింది ఆ అలవాటే. 2024 ఏప్రిల్‌లో శాంతిస్వరూప్‌గారు పోయారని తెలిసినప్పుడు నాన్న ఏమీ అనలేదు. ఆ సాయంత్రం ఏడింటికి టీవీ కట్టేసి కూర్చున్నారు.

మహాభారతానికి మాస్టారి పని సగం తగ్గింది. పితాశ్రీ, భ్రాతాశ్రీ, ఆయుష్మాన్‌భవ అంటూ సంస్కృతం నిండిన ఆ హిందీ, నన్నయగారు రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టిన ఈ సీమవాళ్ళకు ఏమీ పరాయిదిగా అనిపించలేదు. కాలచక్రం తిరుగుతుంటే వినబడే హరీష్ భీమానీ గొంతును మా తమ్ముడు యథాతథంగా అనుకరించేవాడు. మట్ట ఈనెలతో బాణాలు చేసుకుని, కాలువ గట్టున కురుక్షేత్రం ఆడని పిల్లవాడు ఆ ఏడు మా ఊళ్ళో లేడు. పెద్దల తగాదా అంతా కృష్ణుడి గురించే. ఎన్.టి.రామారావుగారిని కృష్ణుడిగా చూసిన కళ్ళకు మరొకరు ఆనరని ఒక పక్షం. తాతయ్య ఆ పక్షం కాదు, ఈ పక్షమూ కాదు. రాయబారం పద్యం హార్మోనియం శ్రుతి మీద రాగం తీసి పాడనివాడు, ఎంత అందంగా నవ్వినా, కృష్ణుడు కాడన్నది ఆయన తీర్పు. తిరునాళ్ళలో తెల్లవార్లూ పద్యనాటకం చూసి, వన్స్‌మోర్ కొట్టి అదే పద్యం మూడుసార్లు పాడించుకున్న మనిషి ఆయన. నితీష్ భరద్వాజ్ నవ్వు మాత్రం నాకు నచ్చింది. ఆ మాట అప్పట్లో తాతయ్యతో అనలేకపోయాను.

జూదం జరిగిన వారం మామ్మ ఒక్క సంగతే పట్టుకుంది. తనను తాను ముందు ఓడి నన్ను ఒడ్డాడా, నన్ను ఒడ్డిన తరువాత తాను ఓడాడా అని ద్రౌపది అడిగిన ప్రశ్నకు అంతమంది పెద్దల్లో ఒక్కరూ సమాధానం చెప్పలేకపోయారు. "చూశారా మాస్టారూ, అక్కడా మీవాళ్ళే," అన్నది. మాస్టారు తలవంచుకుని నవ్వారు.

*

తరువాతి కాలం తొందరగా గడిచిపోయింది. కేబుల్ వచ్చింది. మా ఊళ్ళో కేబుల్ వైరు స్తంభాల మీద కాదు, కొబ్బరిచెట్ల మీదుగా వచ్చింది. చెట్టు నుంచి చెట్టుకు లాగి, మొవ్వు కిందుగా కట్టి ఇంటింటికీ దించేవారు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు ఆ చెట్లన్నీ పడిపోయాయి. యాంటెన్నా పైపు ధనుస్సులా వంగిపోయింది. కోనసీమలో వెయ్యిమంది దాకా పోయిన ఆ తుపాను తరువాత, వారాల తరబడి కరెంటు లేదు. టీవీ గురించి ఆలోచించే స్థితి ఎవరికీ లేదు. కరెంటు వచ్చిన రోజున పెట్టెలోకి నీరు దిగిందని తెలిసింది. బొమ్మ రాలేదు. పెదనాన్నగారు రంగుల టీవీ కొన్నారు, చెక్కపెట్టె వెనక గదికి వెళ్ళింది. రెండువైపులా తేడాగా ఉండే ఆ చెట్టు కూడా ఆ రాత్రే పోయింది.

కొత్త టీవీలో మా ఇంటిల్లిపాదీ కలిసి చూసినది పాడుతా తీయగా. పిల్లవాడు పాట పాడి నిలబడితే, బాలుగారు ముందు మెచ్చుకుని, ఆ తరువాత ఒక అక్షరం దగ్గర ఆగి, దానిని ఎలా పలకాలో తాను పలికి చూపించేవారు. శ, ష, సలకు తేడా మా తమ్ముడికి ఏ బడీ నేర్పలేదు, ఆయనే నేర్పారు. ఇప్పటి పాటల పోటీల్లో పిల్లలు ఇంతకంటే బాగా పాడుతున్నారేమో గాని, న్యాయనిర్ణేతలు లేచి చప్పట్లు కొడుతున్నంతసేపు ఒక్క అక్షరాన్ని దిద్దుతున్నది తక్కువ. 2020 సెప్టెంబరులో ఆయన పోయిన రోజున మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. బంధువు పోతే వెలిగించనట్టే.

అమ్మకు మంజులానాయుడుగారి ఋతురాగాలు. ఆ పాట మొదలవుతుంటే అమ్మ, పెద్దమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి వచ్చేవారు. నాకూ తమ్ముడికీ జెమినీలో ఆదివారాలు వచ్చిన అమృతం. అందులో ఆంజనేయులుగా గుండు హనుమంతరావుగారు చివరిదాకా ఉన్నారు గాని, అమృతం వేషం ముగ్గురు వేశారు. శివాజీరాజానే అసలు అమృతమని తమ్ముడు, హర్షవర్ధన్ అమాయకత్వం ఎవరికీ రాదని నేను ఇప్పటికీ ఫోనులో వాదించుకుంటాం. ఎవరినీ నొప్పించకుండా, ఒక్క చెడ్డమాట లేకుండా ఆరేళ్ళ పాటు నవ్వించడం ఎంత కష్టమో, ఇప్పటి హాస్య కార్యక్రమాలు చూస్తుంటే తెలుస్తోంది.

*

మామ్మకు ఎనభై ఐదు దాటాక కార్తీకదీపం మొదలైంది. రోజూ రాత్రి అది అవగానే నాకు ఫోను వచ్చేది. పలకరింపులేమీ ఉండవు. "చూశావా, ఇవాళ కూడా నమ్మలేదు," అనేది. డాక్టరుబాబు భార్యను అనుమానించి వదిలేయడం, ఆమె వంటలక్కగా బతకడం, కవలపిల్లల్లో ఒకరు తల్లి దగ్గర, ఒకరు తండ్రి దగ్గర పెరగడం, ఇవన్నీ ఆమెకు కొత్తగా అనిపించలేదు. "ఇది సీత కథేనే. అప్పుడూ కవలలే. వాళ్ళు పాట పాడి చెబితే గాని తండ్రికి తెలియలేదు. వీళ్ళకి పాట కూడా రాదు," అన్నది ఒక రాత్రి. రోజువారీ సీరియళ్ళ మీద చిన్నచూపు చూసే చదువుకున్నవాళ్ళు చాలామంది నాకు తెలుసు. కొన్నాళ్ళు నేనూ అలాగే చూశాను. మామ్మ ఫోనుల తరువాత అలా చూడలేకపోయాను. పక్కింటి ఆవిడ, పాలు పోసే అమ్మాయి, మామ్మ కలిసి మరునాడు పొద్దున్న గుమ్మంలో డాక్టరుబాబును నిలబెట్టి అడిగే ప్రశ్నలు, ఆనాడు కిటికీ బయటి నుంచి వచ్చిన ప్రశ్నలే.

లాక్‌డౌన్‌లో, 2020 మార్చి ఆఖరు నుంచి, రామాయణం మళ్ళీ వేశారు. మామ్మ పెద్ద తెర మీద రోజూ చూసింది. అనువాదం చెప్పడానికి ఎవరూ లేరు, ఆమెకు అవసరమూ లేదు. అగ్నిప్రవేశం వచ్చే పూట మాత్రం రిమోటు పెద్దమ్మ చేతికి ఇచ్చి, పెరట్లోకి వెళ్ళి కూర్చుందట.

*

సంవత్సరీకానికి హిందీ మాస్టారు వచ్చారు. చేతికర్ర పట్టుకుని, మనవడి బండి మీద వచ్చారు. భోజనాలయ్యాక వెనక గదిలోకి తీసుకువెళ్ళి పెట్టె చూపించాను. ఆయన కొంచెంసేపు చూసి, ఎడమ పక్కన నిలబడ్డారు. ఆ పక్కనే ఆయన కూర్చునేవారు. పైచెక్క మీద చెయ్యి పెట్టి తడుముతూ, ఆ మరక తగలగానే ఆగారు.

"ఇది ఆ ఆదివారందేనా అమ్మాయ్?"

"అవునండి మాస్టారూ."

"ఆ రోజు నేను తులసీదాసు రాసింది చెప్పేశాను. మీ మామ్మగారు అడిగింది తులసీదాసుని కాదు, నన్ను," అన్నారు. ఆ తరువాత ఇంకేదో చెప్పబోయి ఊరుకుని, జేబురుమాలుతో ఆ చెక్క మీది దుమ్ము మొత్తం మెల్లగా తుడిచారు.